హువోపికాస్: ఔలు చలిలో సైకిల్ తొక్కేవాళ్ళకు నేను చెప్పే బూట్లు

పోయిన మంగళవారం ఉదయం 7.20కి మా వంటింటి కిటికీ బయటి థర్మామీటర్ మైనస్ 23 చూపించింది. ఆరు కిలోమీటర్లు సైకిల్ తొక్కి విశ్వవిద్యాలయం చేరేసరికి కనురెప్పలు మంచుతో బరువెక్కాయి. ముఖానికి చుట్టుకున్న ఉన్ని గుడ్డ నా ఊపిరి తేమకే గడ్డకట్టి అట్టలా బిగుసుకుంది. కాలివేళ్ళు మాత్రం బూటు లోపల పదికి పదీ కదులుతున్నాయి. ఈ మాట చెప్పగలగడానికి నాకు నాలుగు చలికాలాలు పట్టింది. పనికిరాని వాటి మీద 300 యూరోలకు పైగా పోసిన తరువాత, ఇక్కడి ముసలివాళ్ళు చిన్నప్పటి నుంచీ తొడుక్కుంటున్న ఫెల్ట్ బూట్ల దగ్గర, అంటే ఉన్నిని అదిమి అట్టలా చేసిన బూట్ల దగ్గర, ఆగాను. వాటినే ఇక్కడ హువోపికాస్ అంటారు. ఇది వాటి గురించే రాస్తున్న సమీక్ష. కాకపోతే వాటి విలువ తెలియాలంటే అంతకు ముందు నా పాదాలకు ఏం జరిగిందో కూడా చెప్పాలి.

ఔలు ఉత్తర ఫిన్లాండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఆర్కిటిక్ వలయానికి దక్షిణంగా సుమారు 170 కిలోమీటర్ల దూరం. డిసెంబర్ మూడో వారంలో ఉదయం పదిన్నరకు తెల్లవారి మధ్యాహ్నం రెండింటికల్లా పొద్దుగూకుతుంది. అయినా ఇక్కడ జనం చలికాలమంతా సైకిల్ తొక్కుతారు. బడిపిల్లలు, నర్సులు, డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు, అందరూ. చలికాలపు సైకిల్ ప్రయాణాల మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది ఈ ఊళ్ళోనే. సైకిల్ బాటల మీద ఉప్పు చల్లరు. మంచును యంత్రంతో చదును చేసి, పైన సన్న కంకర చల్లుతారు. గట్టిగా అణిగిన ఆ తెల్లటి బాట మీద మేకుల టైర్లు వేసుకుంటే, మన ఊరి ఇసుక రోడ్ల మీద కంటే నిబ్బరంగా వెళ్ళవచ్చు. జారిపడతామేమోనన్న భయం వారంలో పోతుంది. పోనిది కాళ్ళ చలి.

మేముండేది రాక్సిలాలో, ఊరి నడిబొడ్డుకు దగ్గరలో, పాత చెక్క ఇళ్ళ పేటలో. నేను పనిచేసే విశ్వవిద్యాలయం లిన్నన్‌మాలో ఉంది. దారిలో హుపిసారెట్ తోట, ఆ తరువాత ఔలుయోకి నది మీద వంతెనలు, ఆ పైన తుయిరా అనే పేట. వేసవిలో 22 నిమిషాలు, చలికాలంలో అర గంట. ఈ అర గంటలో అన్నింటికంటే కష్టమైనది వంతెన. చెట్ల చాటు పోయి, నది మీది గాలి నేరుగా కాళ్ళకు తగులుతుంది. గాలి లేని రోజున కూడా మనం వెళ్ళే వేగమే గాలి అవుతుంది. మైనస్ 15లో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 24 ఉన్నట్టుంటుంది. పాదాల పరిస్థితి ఇంకా కష్టం. సైకిల్ మీద తొడలు, పిక్కలు పనిచేస్తాయి, వేడెక్కుతాయి. పాదం మాత్రం పెడల్ మీద కదలకుండా కూర్చుని ఉంటుంది. నడిచేటప్పుడు అడుగడుగునా వేళ్ళు మడతపడి నెత్తురు ఆడుతుంది. సైకిల్ మీద ఆ కదలిక లేదు. ఒంటికి చలి వేయగానే శరీరం లోపలి అవయవాలను కాపాడుకోవడానికి చేతులకూ కాళ్ళకూ వెళ్ళే రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. గుండెకు అన్నింటికంటే దూరంగా ఉన్న కాలివేళ్ళే ముందుగా ఆ కోతకు గురవుతాయి.

మొదటి చలికాలంలో ఇవేవీ నాకు తెలియవు. 140 యూరోలు పెట్టి కొండలెక్కేవాళ్ళ తోలు బూట్లు కొన్నాను. నా కొలత 37, కొన్నదీ 37. నవంబర్‌లో బాగానే ఉన్నాయి. డిసెంబర్‌లో చలి వేసింది, రెండో జత మేజోళ్ళు వేసుకున్నాను. జనవరిలో మూడో జత. ఎన్ని వేసుకుంటే అంత చలి వేసింది. పాదం బూటులో బిగదీసి కట్టినట్టు ఉండేది, తాడు కట్టిన వేలిలా తిమ్మిరెక్కేది. మేజోడు వెచ్చగా ఉంచేది తన నూలుతో కాదు, ఆ నూలు పోగుల మధ్య పట్టి ఉంచే గాలితో. ఇరుకు బూటులో మూడు జతలు కుక్కితే ఆ గాలి మొత్తం బయటకు పోతుంది. పైగా నెత్తురు వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. చలికాలంలో కాళ్ళ గురించి నన్ను ఎవరైనా ఒక్క విషయం చెప్పమంటే ఇదే చెబుతాను: బిగుతు చలికి చుట్టం.

రెండో చలికాలంలో నేను చేసిన పొరపాటు ఇంకా పెద్దది. సైకిల్ మీద మక్కువ పెరిగి, పెడల్‌కు బిగుసుకునే ప్రత్యేకమైన సైకిల్ బూట్లు కొన్నాను. వాటి మీద తొడుక్కోవడానికి 45 యూరోల నియోప్రీన్ కవర్లు, అంటే ఒక రకం కృత్రిమ రబ్బరువి. నియోప్రీన్ గాలిని బాగా ఆపుతుంది, అందులో సందేహం లేదు. సున్నాకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో, వాన పడే అక్టోబర్‌లో అవి నాకు ఎంతో ఉపయోగపడ్డాయి, ఇప్పటికీ పడుతున్నాయి. అయితే ఆ బూటు అడుగున, సరిగ్గా బొటనవేలి వెనక ఎత్తుగా ఉండే చోట, ఒక ఉక్కు పలక రెండు మరలతో బిగించి ఉంటుంది. అది లోహపు పెడల్‌లో కూర్చుంటుంది. లోహం నుంచి లోహానికి, అక్కడి నుంచి గాలిలోకి, పాదంలోని వేడి తిన్నగా కారిపోతుంది. ఆ పలక కోసమే కవరుకు అడుగున రంధ్రం పెట్టారు. నేను దిగి నడిచినప్పుడల్లా అందులో మంచు కూరుకుపోయేది. జనవరిలో ఒక కవరు మడమ దగ్గర జిప్పు ఊడిపోయింది. వాటిని అమ్మిన దుకాణం ఉత్తరాలకు జవాబు ఇవ్వలేదు.

ఆ ఫిబ్రవరిలో ఒక రోజు, మైనస్ 22లో, వంతెన దిగేటప్పటికి కుడికాలి వేళ్ళు కొంకర్లు పోయాయి. తుయిరా దాటాక నొప్పి ఆగిపోయింది. హమ్మయ్య, అలవాటు పడ్డాయి అనుకున్నాను. నొప్పి ఆగడమే ప్రమాదానికి గుర్తు అని అప్పుడు తెలియదు. ఆఫీసులో బూటు విప్పి చూస్తే రెండు వేళ్ళు కొవ్వొత్తి మైనంలా తెల్లగా ఉన్నాయి. గోటితో నొక్కితే ఏమీ తెలియలేదు. అమ్మకు ఫోన్ చేశాను, ఎందుకో మొదట ఆమే గుర్తొచ్చింది. "బాగా కాగిన నీళ్ళలో పెట్టు తల్లీ, గట్టిగా రుద్దు" అంది ఆమె, తనకు తెలిసిన ప్రేమతో. అదృష్టవశాత్తూ పక్క గదిలోని సహోద్యోగిని వచ్చి ఆపింది. స్పర్శ లేని చర్మాన్ని కాగిన నీళ్ళలో పెడితే కాలినా తెలియదు, రుద్దితే లోపల చిట్లుతుంది. మోచేయి పెట్టి చూసుకునే గోరువెచ్చని నీళ్ళు, అంటే 37 నుంచి 39 డిగ్రీలు, అంతే. నెత్తురు తిరిగి వస్తున్నప్పుడు పుట్టిన సలుపు మామూలుది కాదు. ఇరవై నిమిషాలు గోడ పట్టుకుని కూర్చున్నాను. చర్మం ఊడలేదు, బొబ్బలు రాలేదు. కానీ ఆ రెండు వేళ్ళకూ ఇప్పటికీ మిగతావాటి కంటే ముందు చలి తెలుస్తుంది.

ఆ రాత్రి పడుకుని మా ఊరి కల్లం గురించి ఆలోచించాను. మాది రెంటచింతల. ఎండాకాలంలో పత్రికలు వేసే ఉష్ణోగ్రతల పట్టికలో తరచూ మా ఊరి పేరు పైన కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో మిరపకాయలు ఆరబోసిన కల్లంలో మధ్యాహ్నం పూట కాయ తిరగేయడానికి వెళ్ళేవాళ్ళం. చెప్పులతో కాయ తొక్కకూడదని ఉత్తకాళ్ళతోనే దిగాలి. నేల నిప్పుల మీద పెట్టిన పెనంలా ఉండేది. మా నాయనమ్మ నాలుగు గోనె సంచులు వరసగా పరిచేది. ఒకదాని మీద నుంచి ఒకదాని మీదికి అడుగు వేసుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఆ గోనె ఏమంత మందం? వేలెడు కూడా లేదు. అయినా అరికాలు కాలేది కాదు. కల్లం పక్కన పడి ఉన్న ఇనుప పార మీద కాలు పడితే మాత్రం అరుపే. నేల వేడి పాదంలోకి రాకుండా గోనె ఆపినట్టే, పాదం వేడి నేలలోకి పోకుండా ఆపేది కావాలి నాకు. గాలిని పట్టి ఉంచే ముతక పీచు, లోహం లేని అడుగు. ఈ విషయం నా కాళ్ళకు ఏడేళ్ళ వయసులోనే తెలుసు.

మూడో చలికాలాన్ని క్లుప్తంగా చెబుతాను. బ్యాటరీతో వేడెక్కే ఇన్‌సోళ్ళు, అంటే బూటు లోపల పాదం కింద పరిచే అట్టలు, 120 యూరోలు పెట్టి తెప్పించాను. బూటు లోపల అవి ఎక్కువ చోటు తీసుకుని మళ్ళీ బిగుతు మొదలైంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోయేది. ఉదయం వెళ్ళడానికి సరిపోయినది సాయంత్రం తిరిగి రావడానికి సరిపోయేది కాదు. చించగానే వేడెక్కే పొట్లాలు కూడా ప్రయత్నించాను. వాటిలో ఉండేది ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి లాంటివి. ఇనుము తుప్పు పడుతూ వేడిని ఇస్తుంది. తుప్పు పట్టాలంటే గాలి కావాలి. బిగుతు బూటులో గాలి ఆడక మధ్యదారిలోనే చల్లబడిపోయేవి. విప్పి బల్ల మీద పెడితే మళ్ళీ వేడెక్కేవి! రక్తప్రసరణ లోపం ఉన్నవాళ్ళకు ఇవి అవసరం కావచ్చు, వాళ్ళను నేను కాదనను. అర గంట ప్రయాణానికి రోజుకు రెండు పొట్లాలు చెత్తబుట్టలో వేయడానికి మాత్రం నాకు మనసు ఒప్పలేదు.

మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభైకి దగ్గరపడ్డారు, ఇప్పటికీ మూడు గేర్ల పాత సైకిల్ మీదే అంగడికి వెళ్తారు. ఆ ఏడు మార్చిలో సైకిళ్ళ కొట్టం దగ్గర నేను బూటు విప్పి వేళ్ళు నలుపుకుంటుంటే చూశారు. నా బూటు చేతిలోకి తీసుకుని, లోపల చేయి పెట్టి, "ఇందులో నీ కాలికే చోటు లేదు, వెచ్చదనానికి ఎక్కడుంటుంది?" అన్నారు. తరువాత ఇంట్లోకి పిలిచి కాఫీ పోసి, వాళ్ళ నాయనమ్మ సంగతి చెప్పారు. ఆమె ఫిన్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న లాప్‌లాండ్ వైపు మనిషి. అక్కడి ఆదివాసులైన సామీలు రెయిన్‌డీర్ తోలు బూట్లలో మేజోళ్ళు వేసుకోకుండా ఎండబెట్టిన ఒక రకం గడ్డిని కూరుకునేవారట. వేసవి చివర కోసి, నలగ్గొట్టి మెత్తగా చేసి, జడలా అల్లి దాచుకునేవారు. రాత్రి తీసి ఆరబెట్టి, పొద్దున మళ్ళీ కూరుకోవడం. గడ్డి తేమను పీల్చుకుంటుంది, గాలిని పట్టి ఉంచుతుంది. నాకు వెంటనే మన వరిగడ్డి పరుపులు గుర్తొచ్చాయి. ఆవిడకు చెబితే ఎంతో సంతోషించారు.

ఆ శనివారం ఆవిడే నన్ను ఊళ్ళోని ఒక చిన్న బూట్ల దుకాణానికి తీసుకెళ్ళారు. హువోపా అంటే ఫెల్ట్. ఉన్నిని వేడినీళ్ళతో తడిపి, అదిమి, నలిపి, పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి అట్టలా తయారయ్యేదాకా మర్దించి చేస్తారు. నేతా లేదు, కుట్టూ లేదు. మధ్య ఫిన్లాండ్‌లోని యామ్సా ఊరు ఈ పనికి పేరుపడింది. హువోపికాస్ అంటే పిక్క సగం దాకా వచ్చే ఫెల్ట్ గొట్టం, కింద మందపాటి రబ్బరు అడుగు. చూడడానికి ఏ సొగసూ లేదు. బూడిద రంగు. చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యపోయేంత తేలిక. లోపల చేయి పెడితే రెండు క్షణాల్లో చేతికి వెచ్చదనం తెలుస్తుంది. బూటు తనంతట తాను వెచ్చగా ఉండదు, నా చేతి వేడినే తిరిగి నాకు ఇస్తోంది.

దుకాణంలోని మనిషి కొలత చూసిన తీరు నేనెప్పుడూ చూడలేదు. 37 అడిగితే తల అడ్డంగా ఊపాడు. బూటులోంచి లోపలి ఫెల్ట్ అట్టను బయటకు లాగి నేల మీద పెట్టాడు. నేను తీసుకెళ్ళిన ఉన్ని మేజోళ్ళతో సహా దాని మీద నిలబడమన్నాడు. మోకాళ్ళు కొంచెం వంచి బరువంతా ముందుకు వేయమన్నాడు. నా పొడవాటి వేలికీ అట్ట అంచుకూ మధ్య తన బొటనవేలు అడ్డంగా పెట్టి చూశాడు. 38లో వేలు సగమే పట్టింది. 39లో పూర్తిగా పట్టింది. పక్కల నుంచి కూడా చూశాడు, పాదం అట్ట మీద నుంచి బయటకు పొర్లుతోందా అని. "వేళ్ళు పియానో వాయించగలగాలి" అన్నాడు. రెండు కొలతలు పెద్దవి! చిన్నప్పుడు బడి బూట్లు వచ్చే ఏడాదికి కూడా సరిపోతాయని పెద్దవి కొనిపెట్టేవారు. ముందు వైపు కాగితం కుక్కుకుని తిరిగేవాళ్ళం. ఇప్పుడు ఆ ఖాళీ కోసమే 115 యూరోలు ఇచ్చాను. ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే మొదటి మనిషి ఆ దుకాణదారుడే. ఎక్కువ ఖరీదున్న తోలు జత పక్కనే ఉన్నా, సైకిల్ కోసం అనగానే ఇదే చేతికిచ్చాడు.

మేజోళ్ళ సంగతి. ఒకటే జత, మందంగా, వదులుగా, ఉన్నివి. ఇక్కడ ఇంటింటా అల్లుకునే నూలు ఒకటి ఉంది, పేరు సెయిట్సెమాన్ వెల్యెస్తా, అంటే ఏడుగురు అన్నదమ్ములు. నోవితా కంపెనీది. 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్. ఆ నైలాన్ వల్ల మడమ దగ్గర త్వరగా చిల్లు పడదు. క్రిస్మస్ ముందు చర్చిల దగ్గర పెట్టే చిన్న సంతల్లో ముసలమ్మలు అల్లిన జతలు దొరుకుతాయి. నేను 18 యూరోలకు కొన్నాను. మూడేళ్ళుగా అవే. ఉన్నికి ఇంకో గుణం ఉంది. తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. పత్తి నూలు మేజోళ్ళలో చెమట పడితే పాదానికి అంటుకుపోయి చల్లబరుస్తుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. అందుకే ఆఫీసుకు చేరగానే మేజోళ్ళు విప్పి ఆరవేస్తాను. సాయంత్రం పొడి మేజోళ్ళతోనే బయలుదేరతాను. "తడి మేజోళ్ళు వేసుకోకు" అని అమ్మ చెప్పిన మాట మాత్రం ఇక్కడ కూడా నూటికి నూరుపాళ్ళు సరైనదే.

ఇక సైకిల్ మీద ఎలా ఉన్నాయి? ఈ చలికాలం, కిందటి చలికాలం రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం చెబుతాను. మైనస్ 5 నుంచి మైనస్ 12 దాకా పాదాలు ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. ఒక్కోసారి ఎక్కువ వెచ్చగా కూడా ఉంటుంది. మైనస్ 20 దాకా అర గంట ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు. మైనస్ 20 నుంచి 25 మధ్య, ఇరవై నిమిషాలు దాటాక పాత దెబ్బ తిన్న రెండు వేళ్ళకు చలి తెలుస్తుంది. అప్పుడు దిగి రెండు వందల అడుగులు సైకిల్ నడిపించుకుంటూ వెళ్తాను. వేళ్ళు మడతపడతాయి, నెత్తురు ఆడుతుంది. మళ్ళీ ఎక్కితే ఇంటిదాకా సరిపోతుంది. మైనస్ 28 ఒక్కసారే చూశాను. ఆ రోజు కూడా వేళ్ళు కదిలాయి, ముఖమే తట్టుకోలేకపోయింది.

బూట్లతోపాటు పెడళ్ళు కూడా మార్చాను, లేకపోతే పని సగమే అయ్యేది. లోహపు పెడళ్ళు తీసేసి, 25 యూరోల వెడల్పాటి నైలాన్ పెడళ్ళు వేయించాను. బూటు అడుగు మొత్తం ఆనుతుంది, జారదు. మందపాటి అడుగు వల్ల కాలు కొంచెం పొడవైనట్టయింది. సీటు పైకి జరపాలేమో అనుకున్నాను, జరపలేదు. ఆగినప్పుడు పాదం పూర్తిగా నేలకు అందుతోంది. మంచులో అదే ధైర్యం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, వాటిని దాచను. అన్నింటికంటే పెద్దది తడి. ఇవి పొడి చలికి పుట్టిన బూట్లు. సున్నా దగ్గర, మంచు కరిగి బురదలా ఉన్న రోజున ఫెల్ట్ నీళ్ళు పీల్చి రాయంత బరువెక్కుతుంది. ఔలులో అలాంటి రోజులు నవంబర్‌లో, మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా చాలా ఉంటాయి. ఆ రోజులకు లోపల విడి ఫెల్ట్ తొడుగు ఉన్న రబ్బరు బూట్లు మేలు. ఫిన్లాండ్ సైన్యంలో కుర్రవాళ్ళకు చలికాలంలో ఇచ్చేవి కూడా ఆ తరహావే. నేను మాత్రం నా పాత సైకిల్ బూట్లూ నియోప్రీన్ కవర్లతోనే నెట్టుకొస్తున్నాను, జిప్పు బాగు చేయించి.

రెండోది వెడల్పు. చీలమండ లోపలి వైపు ఫెల్ట్ సైకిల్ క్రాంకుకు, అంటే పెడల్‌ను పట్టి ఉంచే కడ్డీకి, తగులుతూ రెండు నెలల్లో అరిగి నూగు లేచింది. పక్క వీధిలో చెప్పులు కుట్టే ఆయన అక్కడ అరచేతి అంత తోలు ముక్క వేసి కుట్టాడు. 12 యూరోలు. కొత్తవి కొనగానే ఈ పని చేయించుకోవాలని అందరికీ చెబుతున్నాను. మూడోది ఆరబెట్టడం. తడిసిన ఫెల్ట్‌ను తొందరపడి రేడియేటర్ మీద పెడితే ముడుచుకుని గట్టిపడుతుంది. లోపలి అట్టలు బయటకు తీసి, పాత పత్రికలు నలిపి కుక్కి, గుమ్మం దగ్గర రాత్రంతా వదిలేయాలి. గంటకోసారి కాగితం మారిస్తే ఇంకా త్వరగా ఆరుతుంది. బూటుకు అంటిన మంచును ఇంట్లోకి రాకముందే చీపురుతో దులిపేస్తే సగం తడి లోపలికే రాదు. ఇక్కడ ప్రతి ఇంటి మెట్ల దగ్గరా ఒక బ్రష్షు ఉండేది ఇందుకే.

బూటు ఒక్కటే అన్నీ చేయదు. ఒళ్ళు వెచ్చగా లేకపోతే ఎంత మంచి బూటు అయినా చల్లటి పాదాన్ని చల్లగానే దాచి ఉంచుతుంది. నేను తొడలకు ఉన్ని లోదుస్తులు, పైన గాలిని ఆపే ప్యాంటు, చెవులు కప్పే టోపీ వేసుకుంటాను. ప్యాంటు అంచు బూటు మీదుగా బయటికి ఉండాలి. లోపలికి దోపితే మంచు బూటులో పడుతుంది. బయలుదేరే ముందు బూట్లు గడప బయట ఉంచకూడదు. చల్లబడ్డ బూటును వేడి చేయడానికి పాదం తన వేడి మొత్తం ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

వెనక సీటులో పిల్లలను కూర్చోబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. మనం తొక్కుతూ చెమట పడుతుంటాం, వెనక ఉన్న బిడ్డ కదలకుండా కూర్చుని ఉంటుంది. మనకు వెచ్చగా ఉందంటే తనకూ వెచ్చగా ఉన్నట్టు కాదు. మా పాపకు నాలుగేళ్ళప్పుడు నేను ఈ పొరపాటు చేయబోయాను. వెనక నుంచి పాట ఆగిపోయిందని గమనించి దిగి చూశాను. పాదాలు చల్లగా ఉన్నాయి, ఇంకా ఎర్రగానే ఉన్నాయి, దేవుడి దయ. అప్పటి నుంచి తనకు కూడా పెద్ద కొలత ఫెల్ట్ బూట్లు, కాళ్ళ మీద గొర్రెతోలు ముక్క. పది నిమిషాలకోసారి ఆగి వేళ్ళు కదపమంటాను. మైనస్ 15 దాటితే తనతో సైకిల్ తీయను, బస్సులో వెళ్తాం.

ఈ ఏడు మా విభాగంలో చేరడానికి హైదరాబాద్ నుంచి ఒక అబ్బాయి వస్తున్నాడు. కిందటి వారం ఫోన్ చేసి, "అక్కా, అక్కడి చలికి ఏ బూట్లు కొనుక్కురావాలి?" అని అడిగాడు. మామూలు బూట్లతో రమ్మన్నాను, అక్కడ డబ్బు తగలేయవద్దన్నాను. మంచు ప్రాంతాలకు వెళ్ళేవాళ్ళ కోసమని అక్కడ అమ్మేవి ఎక్కువగా పది రోజుల విహారయాత్రకు సరిపోయేవి. పైగా తన పాదం కొలతకే కొనేస్తాడు. ఇక్కడికి వచ్చాక ఉన్ని మేజోళ్ళు నేనిస్తాను. అవి తొడుక్కుని, ఆ ఫెల్ట్ అట్ట మీద నిలబడి చూసుకోవాలి. మొదటి గట్టి చలి పడ్డాక మామూలు కొలతలు అయిపోతాయి కనుక వచ్చిన వారంలోనే వెళ్ళాలి. శనివారం ఆ దుకాణం పదింటికి తెరుస్తారు, రెండింటికల్లా మూసేస్తారు.